ముగింపు నిర్ధారణ సంఘం

మంగతాయారు సంచీ సర్దుకుంటూ ఉంటే నేను వాళ్ళింట్లో మంచం పట్టె మీద కూర్చుని చూస్తున్నాను. ముందు నాలుగు చీరలు పెట్టింది. నాలుగే కదా, వారం తిరక్కుండా వచ్చేస్తుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఊలు శాలువా పెట్టింది. అప్పుడు ఆషాఢమాసం. ఆషాఢంలో బయల్దేరే మనిషి శాలువా పెట్టుకుందంటే చలికాలం దాకా ఆలోచించుకుందన్నమాట. చివరికి వంటింట్లోకి వెళ్ళి టీ వడపోసే జాలీ తెచ్చి, చెంగుతో తుడిచి, చీరల మధ్య దూర్చింది.

"అదెందుకే? అనకాపల్లిలో జాలీలు దొరకవా?" అన్నాను.

"దొరక్కేం పిన్నిగారూ. ఈ ఇంట్లో ఇంక దీంతో పని లేదు. ఆయన టీ ఆయనే పెట్టుకుంటారు. ఆయన మీద ఆయనకి అనుమానం ఉండదు కదా."

వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడకి చెరోవైపు. మంగతాయారు నాకు చుట్టం కాదు, వరసకి పిన్నిగారూ అంటుంది. ఆవిడ భర్త గున్నేశ్వరరావు గారు మొన్నమొన్నటిదాకా హైస్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరయ్యాక మా ఊరి పురపాలక గ్రంథాలయంలో పాఠక గోష్ఠికి కార్యదర్శి అయ్యారు. పిల్లల్లేరు. నాకు కళ్ళు ఆనని రోజున మంగతాయారే వచ్చి పుస్తకం చదివి వినిపిస్తుంది. పొద్దున్నే గోడ అవతల ఆవిడ గిన్నెల చప్పుడు వినబడితే ఆ రోజుకి నాకు ధైర్యం.

ఎవరు గుమ్మం దాటినా నాకు బెంగే. మా నాన్న పూరీ యాత్రకని, మా అన్నయ్య నాటకాల్లో చేరతానని, మా ఆయన కంటి ఆపరేషన్‌కని వెళ్ళారు. అందరూ పగటిపూటే, నవ్వుతూనే వెళ్ళారు. అందుకని మంగతాయారు సంచీ జిప్పు లాగుతూంటే నేను ఆవిడ చెప్పు ఒకటి కాలితో మంచం కిందికి తోసేశాను. ఆవిడ వంగి, చీపురుతో దాన్ని బయటికి లాగి తొడుక్కుంది.

ఎప్పుడొస్తావని అడిగాను.

"తప్పు తనదేనని ఆయన అనకాపల్లి వచ్చి చెప్పిన రోజున వస్తాను. ఫోన్లో చెబితే చెల్లదు" అని ఆటో ఎక్కింది.

అసలు జరిగింది ఇదీ.

మా గ్రంథాలయంలో గురువారం సాయంత్రాలు పాఠక గోష్ఠి ఉంటుంది. ఆ వారం చర్చకి పెట్టిన నవల పేరు 'ఇద్దరికీ టీ'. దాంపత్యం మీద రాసిన సస్పెన్సు నవల. మృణాళిని, వామనరావు అని ఒక జంట. తనని ఆవిడ చంపాలని చూస్తోందని ఆయనకీ, ఆయనే తనని చంపాలని చూస్తున్నాడని ఆవిడకీ అనుమానం పుడుతుంది. ఎవరి అనుమానం నిజమో రచయిత చెప్పడు. ఆఖరి అధ్యాయంలో ట్రేలో రెండు కప్పుల టీ ఉంటుంది. ఒకదాంట్లో మందు కలిసి ఉంది. ఎవరు కలిపారో తెలీదు. ఆయన పంచదార కోసం వంటింట్లోకి వెళ్తే ఆవిడ ట్రేని అటుదిటు తిప్పేస్తుంది. ఆవిడ కిటికీ వెయ్యడానికి లేస్తే ఆయన తిప్పేస్తాడు. ఇంతలో కరెంటు పోతుంది. చీకట్లో ట్రే ఇంకోసారి తిరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒకటే వాక్యం: 'మర్నాటి నుంచి ఆ ఇంటికి అర లీటరు పాలు చాలన్నారు.' నవల అక్కడితో సరి.

నేను బడికి వెళ్ళలేదు. కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. పొట్లాల్లో వచ్చే కథలకి ముగింపు ఉండదు, చాలాసార్లు మొదలు కూడా ఉండదు. అందుచేత ఆ నవల నాకు శుభ్రంగా పూర్తయినట్టే అనిపించింది. చదువుకున్నవాళ్ళకి అలా అనిపించలేదు.

మాస్టారు సుద్దముక్క తెప్పించుకుని బోర్డు మీద రెండు సున్నాలు గీశారు. అవి కప్పులు. ట్రే మూడుసార్లు తిరిగింది, మూడు బేసి సంఖ్య, కనక మృణాళిని ముందే ఆలోచించుకుని మందు తన కప్పులోనే కలిపింది, మూడో తిప్పుకి అది వామనరావు ముందుకొచ్చింది, పోయింది వామనరావే అని చెప్పి, కింద 'నిరూపించబడినది' అని రాసి గీత కొట్టారు. అప్పుడు మంగతాయారు లేచి, బేసి సంగతి తనకి తెలీదు గానీ, కాపురం మొత్తం మీద పంచదార డబ్బా ఎక్కడుందో తెలియని మగవాడు సరిగ్గా ఆ రోజే పంచదార కోసం ఎందుకు లేచాడని అడిగింది. మందు కలిపినవాడికే అంత మర్యాద పుట్టుకొస్తుందంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మాస్టారు నవ్వి, మా ఆవిడకి బేసికీ సరికీ తేడా తెలీదు లెండి, అన్నారు.

అది అక్కడితో పోయేది. మర్నాడు పొద్దున్న మంగతాయారు టీ ఇస్తే ఆయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, వాసన చూసి, అప్పుడు తాగారు.

మంగతాయారు ఇది నాతో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ వాసన చూడడం దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గిపోయింది.

గ్రంథపాలకుడు చిట్టెబ్బాయి గారు భయస్తుడు. నెలనెలా పై కార్యాలయానికి ఒక నివేదిక పంపాలి. అందులో 'గ్రంథముల వలన పాఠకులకు కలిగిన ప్రయోజనము' అని ఒక గడి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆయన అందులో 'సంతృప్తికరము' అనే రాసేవారు. ఆ నెల ఏదో నిజాయితీ పుట్టి 'ఒక పాఠకురాలు ఊరు విడిచి వెళ్ళిరి' అని రాశారు. ఎవరూ చదవరనుకున్నారు. వారం తిరిగేసరికి జీపు వచ్చి గ్రంథాలయం ముందు ఆగింది. దిగినాయన ప్రాంతీయ పర్యవేక్షణాధికారి దక్షిణామూర్తి గారు.

ఆ సమయానికి నేను పత్రికల బల్ల దగ్గర ఉన్నాను. ఆయన నవల తెప్పించుకుని, నిలబడే ఆఖరి పేజీ చదివి, వెనక్కి తిప్పి అట్ట చూసి, మళ్ళీ ఆఖరి పేజీ చూశారు.

"దీని ముగింపు ఏది?" అన్నారు.

"అదేనండి ముగింపు, ఆయ్" అన్నారు చిట్టెబ్బాయి గారు.

"ఇది ముగింపు కాదు, కొరత. ఈ గ్రంథము కొనుగోలు చేసినప్పుడు అన్ని భాగములు సరిగా అందినవని సంతకము చేసినది ఎవరు?"

చిట్టెబ్బాయి గారు కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. సంతకం చేసింది ఆయనే.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. గ్రంథాలయ ఆస్తి అయిన సదరు గ్రంథము అనిర్ధారిత స్థితిలో పాఠకులకు ఇవ్వబడుటచే ఒక కుటుంబమునకు విఘాతము వాటిల్లినందున, ముగింపును శాశ్వత ప్రాతిపదికన తేల్చుటకు 'ముగింపు నిర్ధారణ సంఘము' ఏర్పాటు చేయడమైనదట. సంఘము తుది నిర్ణయము వెలువరించు వరకు సదరు ముగింపు పట్ల ఏ పాఠకుడును అభిప్రాయము వెలిబుచ్చుట గాని, వెలిబుచ్చిన అభిప్రాయమును మార్చుకొనుట గాని, ఉపసంహరించుకొనుట గాని నిషేధమట.

సరిగ్గా ఆ మర్నాడే మాస్టారు లొంగిపోయారు. అప్పటికి కొన్నాళ్ళుగా తన వంట తనే తింటున్నారు. చిట్టెబ్బాయి గారి బల్ల దగ్గరికి వచ్చి, గోష్ఠిలో తాను చెప్పింది తప్పనీ, పంచదార సంగతి తాను లెక్కలోకి తీసుకోలేదనీ, ఆ మాట కాగితం మీద రాసిచ్చి అనకాపల్లి బయల్దేరతాననీ అన్నారు. చిట్టెబ్బాయి గారు ఆయన్ని జాలిగా చూసి, వేలితో నోటీసు బోర్డు చూపించారు. ఉపసంహరించుకోవడం నిషేధం.

మాస్టారు దక్షిణామూర్తి గారికి ఫోన్ చేశారు. వ్యవహారంలో మీరు మొదటి పక్షమనీ, మీ భార్య గారు రెండో పక్షమనీ, విచారణ సాగుతూండగా మొదటి పక్షం వెళ్ళి రెండో పక్షాన్ని కలవడం సాక్ష్యాన్ని పాడుచేయడం కిందికి వస్తుందనీ ఆయన చెప్పారు. ఊరు దాటకూడదని కూడా అన్నారు. మాస్టారు జీవితమంతా రూళ్ళకర్రతో గీతలు గీసిన మనిషి. దాటలేదు.

నేను మంగతాయారుకి ఫోన్ చేశాను.

"ఒప్పుకున్నారా?" అంది.

"ఒప్పుకుంటానంటున్నారే. అనుమతి రాలేదు."

వెనకాల ఏదో తాలింపు చిటపటలు వినబడ్డాయి. వాళ్ళ చెల్లెలు అక్కడ కర్రీ పాయింట్ నడుపుతోంది.

"భార్యకి తప్పయిపోయిందని చెప్పడానికి ఆఫీసు అనుమతి కావాలని మీతో చెప్పమన్నారా పిన్నిగారూ? ఆ అబద్ధమైనా కాస్త నమ్మేలా ఆడమనండి" అని పెట్టేసింది.

సంఘంలో దక్షిణామూర్తి గారు అధ్యక్షులు. పోలీసు స్టేషను నుంచి ఎస్సై గారు, పురపాలక సంఘం నుంచి ఆరోగ్య తనిఖీ అధికారి సభ్యులు. మహిళలకీ వృద్ధులకీ చెరొక స్థానం ఇవ్వాలని నిబంధన ఉందట. రెండూ కలిసొస్తాయని నన్ను వేశారు. విద్యార్హత అడిగితే పొట్లాలు అన్నాను. 'ప్రైవేటుగా' అని రాసుకున్నారు. త్వరగా తేలిస్తే మంగతాయారు త్వరగా వస్తుందని నేను ఒప్పుకున్నాను. సంఘాల సంగతి నాకు అప్పటికి తెలీదు.

మొదటి సమావేశంలో ఎస్సై గారు శవం ఉందా అని అడిగారు. లేదన్నారు. అయితే మనుషులు తప్పిపోయినట్టు కేసు కట్టాలనీ, దానికి దగ్గరి బంధువు ఫిర్యాదు కావాలనీ ఆయన అన్నారు. నవలలో మృణాళినికి ఒక మేనమామ ఉన్నాడు గానీ ఆయన మూడో అధ్యాయంలోనే పోతాడు. అందుకని ముందుగా ఆ జంటకి నోటీసు ఇచ్చి హాజరు పిలవాలని తీర్మానించారు. మర్నాడు అటెండరు గ్రంథాలయం గుమ్మంలో నిలబడి, కోర్టులో పిలిచినట్టు, వామనరావూ, మృణాళినీ అని బజారంతా వినబడేలా మూడేసిసార్లు పిలిచాడు.

మూడో పిలుపుకి ఒకాయన ఇడ్లీ ఆకు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. బజార్లో గొడుగులు బాగుచేసే వామనరావు.

"ఏంటండి, పిలిచేరు?" అన్నాడు.

దక్షిణామూర్తి గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "వామనరావు మీరేనా? మీ భార్య ఏరీ?"

"ఊళ్ళో లేదండి. వాళ్ళ పుట్టింటికెళ్ళింది."

హాల్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్సై గారు మెల్లిగా లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇంటికి పాలు ఎంత తీసుకుంటున్నారు?" అన్నారు దక్షిణామూర్తి గారు, గొంతు తగ్గించి.

"ఒక్కణ్ణే కదండీ. అర లీటరు చాలన్నాను."

పాపం, అతని పెళ్ళాం రావులపాలెం నుంచి బస్సు దిగి, గ్రంథాలయంలోకి నడిచొచ్చి, తను బతికే ఉన్నానని సంతకం పెట్టేదాకా అతన్ని పత్రికల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ ఇంకో నెల ఉందామని వెళ్ళిందట. ఈ గొడవతో వచ్చెయ్యాల్సి వచ్చిందని అతన్ని తిట్టుకుంటూ తీసుకెళ్ళింది. మా సంఘం వల్ల భార్య తిరిగొచ్చిన భర్త ఇంతవరకూ అతనొక్కడే.

తర్వాత సంఘటనను పునఃప్రదర్శించాలని తీర్మానించారు. పఠన మందిరంలో కిటికీలకి దుప్పట్లు కట్టి, బల్ల మీద ట్రే పెట్టి, రెండు కప్పుల టీ తెప్పించారు. విషమునకు బదులుగా ఉప్పు వాడవలెనని ముందే రాసుకున్నారు. ఉప్పు ఎవరు కలపాలన్న దగ్గర గంటసేపు ఆగింది. మృణాళిని కలిపిందంటే మొదటి పక్షానికీ, వామనరావు కలిపాడంటే రెండో పక్షానికీ మొగ్గినట్టవుతుంది. చివరికి ఎవరూ చూడకుండా ఎవరో ఒకరు కలపాలని నిర్ణయించి అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎవరో కలిపారు. చిట్టెబ్బాయి గారు మృణాళినిగా కిటికీ వెయ్యడానికి లేచారు. ఆరోగ్య తనిఖీ అధికారి వామనరావుగా పంచదార కోసం వరండాలోకి వెళ్ళొచ్చారు. ట్రే రెండుసార్లు తిరిగింది. అటెండరు లైటు ఆర్పాడు. చీకట్లో ట్రే తిరిగింది. ఒక్కసారి కాదు, నాకు వినబడినంతవరకు చాలాసార్లే తిరిగింది. లైటు వేసేసరికి అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఇక తాగాలి. ఎవరూ తాగలేదు. ఉప్పేనని అందరికీ తెలుసు. ఆరోగ్య తనిఖీ అధికారి కప్పు అందుకుని, వాసన చూసి, బల్ల మీద పెట్టేశారు. మీరు తాగండంటే మీరు తాగండని ట్రే బల్ల చుట్టూ తిరిగొచ్చింది. టీ మీద మీగడ కట్టింది. 'ప్రదర్శన జయప్రదము, టీ తాగబడలేదు' అని నివేదికలో రాశారు.

గుమ్మం దగ్గర సాక్షిగా నిలబడ్డ మాస్టారు ఆ కప్పుల వంకే చూస్తూ ఉండిపోయారు.

ఆ కబురు ఊళ్ళోకి పాకింది. బస్టాండు దగ్గర టీ బడ్డీలో మగవాళ్ళు గ్లాసు అందుకోగానే ముక్కు దగ్గర పెట్టుకోవడం మొదలైంది. పెద్ద బజారులో ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం గ్లాసులు మార్చుకుని, మళ్ళీ మార్చుకుని, చివరికి ఇద్దరూ హోటలుకి వెళ్ళి చెరో బల్ల దగ్గర తాగారట. గ్రంథాలయంలో ఆ నవల కోసం మాత్రం జనం బారులు తీరారు.

ఇది చూసి దక్షిణామూర్తి గారు మరో ఉత్తర్వు ఇచ్చారు. దాంపత్యమునకు సంబంధించిన ఏ నవలనైనను ఇకపై భార్యాభర్తలు జంటగా వచ్చి తీసుకొనవలెను, ముగింపు పట్ల ఇరువురికిని ఏకాభిప్రాయము కలదని తిరిగి ఇచ్చునప్పుడు ఉమ్మడిగా సంతకము చేయవలెను. చిట్టెబ్బాయి గారి బల్ల ముందు జంటలు కూర్చుని ఏకాభిప్రాయానికి రావడం మొదలుపెట్టాయి. ఒక జంట నవల విషయంలో వెంటనే ఏకీభవించింది గానీ, ముందు ఏకీభవించింది ఎవరన్న దగ్గర విడిపోయి వేరువేరు రిక్షాల్లో వెళ్ళిపోయింది. సుఖాంతమైన నవలలు కూడా తనిఖీకి వచ్చాయి. 'అటుపై వారు సుఖముగా జీవించిరి' అన్నదానికి రుజువు ఏది అని ఎస్సై గారు అడిగారు. పింఛనుదారులు ఏటా బతికున్నామని ధ్రువపత్రం ఇస్తారు కదా, అలాగే నాయికానాయకుల తరఫున ప్రచురణకర్తలు ఏటా ఇవ్వాలని తీర్మానించారు. నేనూ చెయ్యెత్తాను. చెయ్యెత్తితే సమావేశం అయిపోతుందని నా ఆశ.

మధ్యలో చిట్టెబ్బాయి గారికి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. రచయితకే ఫోన్ చేశారు. స్పీకరు పెట్టి అందరం విన్నాం. రచయిత చాలా పెద్దాయన, మెల్లిగా మాట్లాడారు. ఆఖరి అధ్యాయం తర్వాత ఇంకో అధ్యాయం రాద్దామనుకున్నానని, అంతవరకు రాసింది మా ఆవిడకి చదివి వినిపించానని, ఇంక ఒక్క ముక్క రాసినా బాగోదని ఆవిడ అన్నదని, ఆపేశానని చెప్పారు.

"అయితే కప్పులో మందు కలిపిందెవరో మీకు తెలుసాండి?" అన్నారు చిట్టెబ్బాయి గారు.

"తెలుసండి. మా ఆవిడకి వేరే తెలుసు. అందుకే రాయలేదు."

దక్షిణామూర్తి గారు, రచయిత అభిప్రాయం వ్యక్తిగతమని, ఆయన గ్రంథాలయ సభ్యుడు కూడా కాడని దాన్ని తోసిపుచ్చారు.

శ్రావణం, భాద్రపదం వెళ్ళిపోయాయి. మంగతాయారు ఫోన్లు తగ్గాయి. మొదట్లో మాస్టారు ఎలా ఉన్నారని అడిగేది. తర్వాత మీరెలా ఉన్నారని అడిగేది. తర్వాత, ఇక్కడ గిరాకీ ఎక్కువగా ఉంది పిన్నిగారూ మళ్ళీ చేస్తాను, అనేది. గోడ అవతల గిన్నెల చప్పుడు ఉంది గానీ అది మాస్టారి చప్పుడు, ఒక్క గిన్నెదే. వింటూంటే నాకు దిగులేసేది.

చివరికి తుది నిర్ణయం వెలువడింది. మృణాళిని, వామనరావు ఇరువురును జీవించియే ఉన్నట్లు భావించవలెను. పాల వినియోగము తగ్గుటకు కారణము వామనరావునకు వైద్యుడు పాలు మానుమని చెప్పుటయే. (ఇది ఆరోగ్య తనిఖీ అధికారి చేర్చినది.) ఇందుకు భిన్నమైన అభిప్రాయము ఏ పాఠకుడు కలిగియున్నను అది రద్దయినట్లే. ఈ కాగితాన్ని ప్రతి ప్రతిలోనూ ఆఖరి పేజీ మీద అంటించారు.

మాస్టారు ఆత్రంగా వచ్చి, ఇక నేను అనకాపల్లి వెళ్ళి మా ఆవిడ చెప్పింది ఒప్పని చెప్పవచ్చునా అని అడిగారు.

"వీలుపడదు. మీ భార్య గారు చెప్పింది తప్పని సంఘము తేల్చినది" అన్నారు దక్షిణామూర్తి గారు. "మీరు చెప్పింది కూడా తప్పేనని మాత్రము ఆమెకు తెలియపరచవచ్చును. ఇద్దరూ సమానముగా తప్పు. దీనికి మించిన దాంపత్య సమానత్వము ఏముంది?"

మాస్టారు ఉత్తర్వు నకలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చారు. అది పట్టుకెళ్ళి ఆవిడకి చదివి వినిపిస్తానన్నారు. నేను ఆయన్ని మా వరండాలో కూర్చోబెట్టాను.

"మాస్టారూ, పుస్తకం సంగతి వదిలెయ్యండి. మీరు టీ వాసన చూశారా, లేదా?"

ఆయన జేబులో కాగితం తడుముకున్నారు.

"చూశానండి."

"ఎందుకు చూశారు?"

"అలవాటుగానే అనుకున్నానండి ఇన్నాళ్ళూ. కాదు. భయం వేసింది. గోష్ఠి నుంచొచ్చి రాత్రంతా మళ్ళీ చదివాను కదండీ, వాడు బాగా రాశాడు. తనకేసి చూస్తే ఒక్క క్షణం ఎవరో తెలియని మనిషిలా అనిపించింది." మొహం తుడుచుకున్నారు. "ఆ మాట ఎలా చెప్పనండి? లెక్క తప్పిందని చెప్పడం తేలిక."

"ఆ మాటే చెప్పండి. సంఘం దాని మీద ఉత్తర్వు ఏమీ ఇవ్వలేదు కదా."

ఆయన జేబులోంచి నకలు తీసి, మా అరుగు మీద పెట్టి, అప్పటికప్పుడే బయల్దేరారు. అది దసరాకి ముందు శనివారం. రేపు సాయంత్రానికి ఇద్దరం వచ్చేస్తాం, గ్యాస్ బండ వస్తే తీసుకోండి అని తాళంచెవి నా చేతికిచ్చారు. నాకు ఎన్నాళ్ళకో గుండె కుదుటపడింది. ఒక మనిషి గుమ్మం దాటి వెళ్తూంటే సంతోషంగా చూడడం నా జన్మలో అదొక్కసారే.

మర్నాడు గ్యాస్ బండ వచ్చింది, తీసుకున్నాను. వంకాయలు తెప్పించి ముగ్గురికి సరిపడా వండాను. సాయంత్రం రైలు వెళ్ళిపోయిన చాలాసేపటికి మంగతాయారు ఫోన్ చేసింది.

"వచ్చారు పిన్నిగారూ. తిన్నగా లోపలికి రాకుండా కొట్టు ముందు జనం వెనకాల వరసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చాక ఏం కావాలన్నాను. అందరి ముందూ చెప్పేశారు, వాసన చూశాను, భయపడ్డాను, అప్పట్నుంచీ సిగ్గుతో ఉన్నాను అని."

"నువ్వేమన్నావే?"

"ఏమంటాను, వెనకాలవాళ్ళు సాంబారు కోసం తొందరపెడుతున్నారు. లోపలికొచ్చి పొట్లాలు కట్టమన్నాను. అప్పట్నుంచీ కడుతూనే ఉన్నారు." ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నేను విని చాలా రోజులైంది. "చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు పిన్నిగారూ. ఈ పండగ రద్దీ అయిపోగానే వచ్చేస్తాం."

పండగ అయింది. దీపావళి అయ్యాక అన్నారు. మాస్టారు లెక్కలు చూస్తూంటే కొట్టు బాగుపడిందట, పక్క గది కూడా తీసుకున్నారట. మీరూ వచ్చి మా దగ్గర ఉండండి అని ఇద్దరూ అడిగారు. నేను వెళ్తే, వాళ్ళొచ్చేసరికి ఇక్కడ తాళం ఎవరు తీస్తారని వెళ్ళలేదు.

సంఘం ఇంకా రద్దు కాలేదు. మొదటి పక్షం, రెండో పక్షం ఇద్దరూ గైరుహాజరు కాబట్టి తుది నిర్ణయాన్ని పునఃపరిశీలనకి తీసుకున్నారు. గురువారాలు నాకు కబురు వస్తుంది. వెళ్ళి చెయ్యెత్తి వస్తాను.

కార్తీకమాసంలో లారీ వచ్చి గోడ అవతలి సామానంతా ఎక్కించుకుని వెళ్ళింది. తాళంచెవి నేనే ఇచ్చాను. మంగతాయారు ఆషాఢంలో వెళ్ళింది. మాస్టారు దసరాకి ముందు శనివారం వెళ్ళారు. ఇద్దరూ మళ్ళీ ఈ ఊరు రాలేదు.